అణువు కాదక్కా, పరమాణువు

మా తమ్ముడు పోయాడు. ఘాజియాబాద్‌లో ఒక బడిలో కెమిస్ట్రీ చెప్పేవాడు. క్లాసు మధ్యలో, బోర్డు దగ్గరే గుండె ఆగిందన్నారు.

ఆ ఉదయం గురించి చెప్పడానికి ఏమీ లేదు. మిగతా ఉదయాల్లాంటిదే. ఢిల్లీ మయూర్ విహార్‌లో వాళ్ళ ఫ్లాట్‌లోనే నేనూ ఉంటాను. స్నానం చేసి, దీపం పెట్టి, రోజూ చదువుకునేదే చదువుకుంటున్నాను. వంటింట్లో మరదలు చపాతీలు కాలుస్తోంది. తమ్ముడు ఒక కాలికి సాక్సు వేసుకుని, రెండోదాని కోసం బాల్కనీలో తీగ మీద బట్టలన్నీ వెతుకుతున్నాడు.

"అణువణువునా నిండిన తండ్రీ..." అన్నాను.

"అణువు కాదక్కా, పరమాణువు!" అక్కడినుంచే అరిచాడు.

"దేవుడికి తెలుసులేరా."

"ఆయనకి తెలుసు. నీకే తెలీదు. పరీక్షలో రాస్తే సున్నా."

ఏళ్ళ తరబడి నడిచిన గొడవ ఇది. టీవీలో ఎవరైనా అణుబాంబు అంటే, "పరమాణు బాంబు!" అని టీవీనే మందలించేవాడు. మంగళవారం హనుమంతుడి గుడి నుంచి నేను బూందీ ప్రసాదం తెస్తే వెంటనే తినేవాడు కాదు. ఒక పెద్ద పూసకి రెండు చిన్న పూసలు అతికించి అరచేతిలో చూపించేవాడు.

"ఇవి మూడూ పరమాణువులు. కలిస్తే నీటి అణువు. విడిగా ఉంటే ఒకటి మండేది, ఇంకొకటి మండించేది. కలిస్తే దాహం తీరుస్తాయి. చూశావా అక్కా?"

"మాస్టారూ, ఆ నీళ్ళు తాగడం అయితే బయల్దేరండి, బస్సు పోతుంది," అనేది మరదలు.

నాకు సైన్సు రాదు. వాడు చెప్పినవాటిలో ఒక్క మాట గుర్తుంది: పరమాణువు ఎక్కడికీ పోదు, చోటు మారుతుందంతే. ఇప్పుడు ఆ మాట ఓదారుస్తుందేమో అనుకున్నాను. ఓదార్చలేదు. చోటు మారినవాటితో నేనేం చేసుకోను? సాక్సు వెతుక్కునే మనిషి కావాలి నాకు.

రోజూ దీపం ముందు "అణువణువునా" దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను. బాల్కనీలోంచి ఏమీ వినపడదు. ప్రార్థన ముందుకు సాగదు.

నిన్న సాయంత్రం పెద్దకర్మ కార్డు మీద ఏం వేయించాలా అని కూర్చున్నాం. మరదలు నన్నే రాయమంది. "అణువణువునా మాలో ఉన్నావు" అని రాశాను. చూసుకుని కొట్టేయబోయాను.

తమ్ముడి కూతురు నా చెయ్యి పట్టుకుంది. పదకొండో తరగతి. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు సగం హిందీలోనే.

"రహ్నే దో అత్తా. తప్పే ఉండనీ."

"మీ నాన్న ఊరుకుంటాడుటే?"

"ఊరుకోరు కదా. పాపా ఠీక్ కర్నే ఆయేంగే."

దిద్దడానికి వస్తాడట.

మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలూపింది. ఆ మాట అలాగే అచ్చు వేయించాలని అనుకున్నాం. తప్పుతోనే.