సింహాచలం బుగ్గలు

1997 నవంబరు మూడు, సోమవారం. బస్తర్ కొండల్లోని కిరందుల్‌లో, ఇనుప గని కాలనీ డిస్పెన్సరీలో నేను డ్రెస్సింగ్ గది నర్సుగా చేరి అప్పటికి పదకొండేళ్లు. ఆ ఉదయం స్క్రీనింగ్ ప్లాంటు హెల్పరు సింహాచలం వచ్చాడు. విజయనగరం వైపు మనిషి. తండ్రి అటు నుంచి కిరందుల్ వచ్చే రైల్వే లైను మీదే పనిచేసి రిటైరయ్యాడు. సింహాచలం బుగ్గల నిండా పొక్కులు. వెంట్రుక మొదట్లో చీము పట్టే ఈ జబ్బును మేం ఫాలిక్యులైటిస్ అంటాం.

అతను ఆరేళ్లుగా ఎదురుచూస్తున్న ఆపరేటరు పోస్టు ఆ పొక్కుల దగ్గరే ఆగింది. ఖనిజాన్ని జల్లించే ఆ ప్లాంటులో ఆపరేటరు దుమ్ము మాస్కు పెట్టుకోవాలి. దానికి సీల్ చెక్ ఉంటుంది: ఫిల్టర్లను అరచేతులతో మూసి ఊపిరి లోపలికి లాగితే మాస్కు ముఖానికి అతుక్కుపోవాలి. గడ్డం ఉంటే సందుల్లోంచి గాలి దూరుతుంది. గీస్తే పొక్కులు, మానేస్తే గడ్డం. చెక్ డిసెంబరు పదిహేనున.

డాక్టరుగారు అంతకుముందే రెండుసార్లు మందు రాసి, "దస్ దిన్ బంద్" అని పది రోజులు కత్తి మాన్పించారు. మానేసినప్పుడు తగ్గేది. మళ్లీ గీసిన నాలుగో రోజుకు తిరిగొచ్చేది. ఇప్పుడు మూడోసారి.

"దేంతో గీసుకుంటావు?" అని అడిగాను.

"ఫోమండి. మా బావమరిది విశాపట్నం నుంచి తెచ్చినాడు. డబ్బా నొక్కితే సాలు, నురగ ఒచ్చేత్తాది."

"అంతకుముందు?"

"మా అయ్య సబ్బు, బ్రష్షు. ముసిలోల్ల సామాను సిస్టరమ్మా."

ఫోములోని సెంటు పడలేదేమో అనిపించింది. పది రోజుల విరామం అయ్యాక, పదమూడు నుంచి ఇరవై రెండో తారీకు వరకు రోజూ గీయమన్నాను. కుడి బుగ్గకు ఫోము, ఎడమ బుగ్గకు సబ్బు, బ్రష్షు. బుగ్గకో కొత్త బ్లేడు.

ఇరవై రెండున లెక్కపెట్టాను. కుడి వైపు పదకొండు, ఎడమ వైపు రెండు. వెంట వచ్చిన భార్య రమణమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఒకేపు పెళ్లికొడుకు, ఒకేపు పనసకాయ. ఎటేపు సూసి మాటాడాలో తెల్డం నేదమ్మా."

నేను నోటుబుక్కులో "ఫోము పడదు" అని రాసేశాను. అప్పుడే ఆమె మరో మాట అంది.

"ఆ నురగ ఎర్రగా దిగుతాది సిస్టరమ్మా. నాను రగతమనుకున్నాను."

మళ్లీ కుడి బుగ్గ చూశాను. పొక్కులున్నాయి గానీ ఒక్క గాటు లేదు. ఎర్రగా దిగేది రక్తం కాదు, ఖనిజం దుమ్ము.

"గీసుకునే ముందు మొహం కడుగుతావా?"

"డూటీ దిగొచ్చేసరికి రెండు దాటిపోతాది. అప్పుడు కొళాయిలో నీల్లేటుంటాయి? అందుకే గదా ఫోము. దానికి నీల్లక్కర్నేదు."

"మరి బ్రష్షుకు?"

రమణమ్మే చెప్పింది. "నీల్లు లేపోతే అది నురగ రాదు గదా. నా పొయ్యి మీద కాగే నీల్లు సెంబుడు పట్టుకుపోతాడు. ఆ ఏపు మొకమే తడుపుకుంటాడు."

ఒక్కటే మార్చాననుకున్నాను. నిజానికి రెండు మారాయి: సబ్బు, దానితోపాటు వేడినీళ్లు. కుడి బుగ్గ మీద ఆ దుమ్ము గరుకు కాగితంలా బ్లేడు కింద రాసుకుపోతోంది. రాసింది కొట్టేశాను.

"వారం ఆగి ఇంకో పది రోజులు గీయి. కుడికి ఫోమే, ఎడమకు బ్రష్షే. కానీ ముందు రెండు బుగ్గలూ వేడినీళ్లతో కడుగు."

అతని ముఖం మాడిపోయింది. "ఆ డబ్బా మల్లీ ఎందుకమ్మా? పదేనో తారీకు నా మాస్కు జారిపోతే ప్లాంటు మీరెక్కుతారా?"

"ఎక్కలేను. అందుకే తొమ్మిదో తారీకుకు ముగిస్తాను."

సణుగుతూనే ఒప్పుకున్నాడు. డిసెంబరు తొమ్మిదిన కుడి వైపు మూడు, ఎడమ వైపు రెండు. తప్పు ఫోముది కాదు, పొడి ముఖానిది.

పదిహేనున పదకొండింటికి వచ్చాడు. బుగ్గల మీద మాస్కు అంచు ఒత్తుకున్న గీత ఇంకా పోలేదు.

"అతుక్కుపోనాది సిస్టరమ్మా. ఊడదీడానికి ఇద్దరు పట్టినారు."

ఇద్దరు పట్టారన్నది నేను నమ్మలేదు. ఆ గీతను నమ్మాను. కడుక్కుని గీసుకుంటే ఫోము కూడా వాడుకోవచ్చని చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"ఒద్దమ్మా. బద్దకించిన రోజున ఆ డబ్బా ఊరుకుంటాది. ఈ బ్రష్షు ఊరుకోదు. నీల్లు పోస్తేగానీ కదల్దు."

అతను సబ్బును, బ్రష్షును ఎంచుకోవడానికి నాకు ఇంతకంటే మంచి కారణం కనిపించలేదు. ఆ తర్వాత నేను రిటైరయ్యేవరకు, పొక్కులతో వచ్చిన గని మనుషులను దేంతో గీసుకుంటావని ముందుగా అడగలేదు. ఏ గంటకు గీసుకుంటావు, ఆ గంటకు మీ కొళాయి వస్తుందా అని అడిగాను. నోటుబుక్కులో ఆ పేజీ ఇంకా ఉంది. కొట్టేసిన "ఫోము పడదు" చదవడానికి వీలుగానే ఉంది. దాని కింద ఒక్క మాట రాసి ఉంటుంది: నీళ్లు.