గంప దించిన రోజు

నానబెట్టి రుబ్బిన మెంతుల ముద్దలో ఆవుపేడ కలిపితే వచ్చే వాసన మా వీధిలో ఎవరికీ నచ్చదు. ఖానాపురం హవేలిలో మేము కిరాయికి ఉంటున్న ఇంటి వెనక కూర్చుని, ఏటా ఎండాకాలం చివర నేనొక వెదురు గంపను అలుకుతాను. పై వాటాలో ఉండే టీచరమ్మ కిటికీ తలుపులు వేసేస్తుంది. పేడ కోసం పాలవాడిని బతిమాలుకోవాలి. "ఖమ్మంలో ఉంటూ ఇదేం పనమ్మా" అని అతను నవ్వుతాడు. నవ్వితే నవ్వనీ. ఆ వాసన ముక్కుకు తగిలిందంటే చాలు, నాకు తెలియకుండానే నా నడుము నిటారుగా నిలబడుతుంది.

మొన్న నేను అలా అలుకుతుంటే ముందు గదిలో టీవీ మోగుతోంది. ఎక్కడో దూరదేశంలో అధ్యక్ష ఎన్నికలట. పోటీలో ఉన్న పెద్దమనిషి వయసు మీద నలుగురు కూర్చుని కొట్టుకున్నంత పని చేస్తున్నారు. ఈ వయసులో పదవి ఎందుకని ఒకరు, అనుభవం బజారులో దొరుకుతుందా అని ఇంకొకరు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి గుమ్మంలోకి వచ్చి, "అమ్మా, ఉద్యోగాలకు రిటైర్మెంటు ఉన్నట్టు పదవులకు గూడ ఒక వయసు పెడితే గొడవ ఉండదు గద?" అంది. నా చేతుల నిండా పేడ. మా గూడెం జోగవ్వను చూసి ఉంటే అది ఆ ప్రశ్న అడిగేది కాదు. చూడలేదు కాబట్టి ఇదంతా రాస్తున్నాను.

మా గూడెం ములకలపల్లి దాటి అడవిలోకి పోయే దారిలో ఉంటుంది. మేము కోయవాళ్లం. తొలకరికి ముందు మాకు విత్తనాల పండుగ. ఇంటింటి నుంచి గుప్పెడు గుప్పెడు వడ్లు, జొన్నలు, అనుములు తెచ్చి ఒకే గంపలో కలుపుతారు. ఆ గంపను ఒక మనిషి తల మీద ఎత్తుకుని, దేవత కొలువు నుంచి వాగు దాటి, గట్టెక్కి, మొదటి చెలక దాకా ఎక్కడా దించకుండా మోసుకుపోవాలి. అక్కడ విత్తనం పడ్డాకే ఎవరి పొలంలోనైనా నాగలి కదిలేది. మోసే మనిషిని వయసు చూసి పెట్టరు, వయసు చూసి తీసేయరు. దారిలో గంప దించిన రోజున ఆ పని వేరే తలకు మారుతుంది. మా గూడెం పాత కట్టుబాటు ఇది.

నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ గంప జోగవ్వ తల మీదే చూశాను. బక్కపలుచని మనిషి. నోట్లో ఎప్పుడూ చుట్ట, అది వెలుగుతోందో ఆరిందో ఆమెకే పట్టేది కాదు. వయసెంత అవ్వా అని అడిగితే, "నీకంటె పెద్దదాన్నే, మొక్కుపో" అనేది. చెవి ఒకటి సరిగా వినపడేది కాదు. గిట్టని మాటలకు మాత్రం రెండు చెవులూ వినపడేవి కావు.

ఇక ఎన్నికల సంగతి. సర్పంచిని మా దగ్గర అందరూ ప్రెసిడెంటు అనే అంటారు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక వానాకాలం పంచాయతీ ఎన్నికలు వచ్చాయి, మా ఊరి ప్రెసిడెంటు పదవి ఆడవాళ్లకు వచ్చింది. ఆలస్యంగా బడిలో చేరిన నేను అప్పుడే ఇంటర్ అయి ఇంటికి వచ్చాను. పోటీకి కావలసిన వయసు ఆ ఏడే నిండింది. మా వాగు మీద వంతెన లేదు. వానాకాలం వస్తే మంచంలో పడ్డ మనిషిని కూడా వాగు తగ్గేదాకా ఇంట్లోనే పెట్టుకోవాలి. దవాఖానకు తీసుకుపోలేక మా చిన్నమ్మను, ఆమె కడుపులో బిడ్డను అలాగే పోగొట్టుకున్నాం. ఆ వంతెన కట్టించి తీరాలన్న పంతంతో నామినేషన్ వేశాను. మర్నాడు జోగవ్వ కూడా వేసింది.

ఇక ఊళ్లో ఒకటే ఎగతాళి. "ఒకదానికి పాలపండ్లు ఊడలే, ఇంకొకదానికి ఉన్న పండ్లు ఊడినయ్. గీళ్లా మనల నడిపించేది?" అని మగవాళ్లు కల్లు దగ్గర నవ్వుకునేవారు. కోస్తా నుంచి వచ్చి మా దగ్గర మిరప తోటలు పెట్టిన ఒక రైతు ఉండేవాడు, మంచివాడే. జోగవ్వను పిలిచి, "ఎందుకమ్మా ఈ వయసులో తిప్పలు? కృష్ణా రామా అనుకుంటా కూర్చోక" అన్నాడట. "ఆళ్లిద్దరు మీ దేవుళ్లు, నువ్వే అనుకో" అని చక్కా వచ్చిందట.

నేనూ తక్కువ తినలేదు. నాట్లు వేసే ఆడవాళ్లు అన్నాలకు గట్టు మీద కూర్చున్నప్పుడు మాట్లాడటానికి పోయాను. జోగవ్వ కూడా వాళ్లలోనే ఉంది, మోకాళ్ల దాకా బురద. ఆమె ముందే అన్నాను: "అవ్వంటె నాకు గౌరవమే. కని ఐదేండ్ల పదవి ఇది. మండల ఆఫీసుకు తిరగాలె, ఖమ్మం పోవాలె. నడిమిట్ల చాతగాకపోతే ఎవలు దించుతరు అవ్వను? దించే ధైర్యం మీలో ఎవలికన్న ఉన్నదా?"

అందరూ తల వంచుకున్నారు. పెద్దదాన్ని పట్టుకుని మొహం మీదే అలా అడగడం మా దగ్గర పద్ధతి కాదు. మా అమ్మ అయితే నన్ను కళ్లతోనే కాల్చేసింది. జోగవ్వ చేతిలోని ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగి, అప్పుడు లేచింది.

"పిల్ల మంచిగ అడిగింది. ఇనుండ్రి. గంప మోసినన్ని దినాలు గీ పని గూడ మోస్త. గంప దించిన్నాడు ఇది గూడ దించుత. నన్ను ఎవలు దించే పని లేదు. మీరందరు సాక్షం."

ఆ మాటతో ఆమె గెలిచింది. నా వైపు కూడా చాలామంది ఉన్నారు, కానీ ఆమె వైపు ఇంకాస్త ఎక్కువమంది నిలబడ్డారు. ఆ రాత్రి నేను అన్నం తినకుండా గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఓటమి అంత చేదుగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు.

తెల్లారి జోగవ్వ మా వాకిట్లో ఉంది. ఓదార్చడానికి వచ్చిందనుకుని మొహం మాడ్చుకునే బయటికి వచ్చాను.

"పా, ఆఫీసుకు పోదాం" అంది.

"నేనెందుకు? నేను ఓడిపోయిన గద."

"ఓడిపోతే? వాగు మీద తొవ్వ వద్దా నీకు?"

నా జీవితంలో నన్ను అంతగా నిలదీసిన మాట మరొకటి లేదు. ఓడినా గెలిచినా వాగు వాగే. చీర మార్చుకుని ఆమె వెంట నడిచాను.

ఆ తర్వాత మేమిద్దరం ఆ ఆఫీసు గడప అరిగేలా తిరిగాం. అక్కడి అధికారి ఒకాయన మొదటిరోజే ఆమెను ఎగాదిగా చూసి, "ఏంది పెద్దమ్మా, మేము యాభై ఎనిమిదికే ఇంటికి పోతం. నువ్వు గీ వయసుల పదవికి వచ్చినవ్" అన్నాడు. "మీరు ఇంటికి పోయేటోళ్లు సారూ. నేను ఇంటికాన్నుంచి వచ్చినదాన్ని. గదే ఫరక్" అంది. ఆయన నవ్వి కుర్చీ వేయించాడు. కుర్చీ వేయించడమే గానీ పని మాత్రం కానివ్వలేదు. రేపు రమ్మంటే రేపు పోయేవాళ్లం. సారు లేడంటే వచ్చేదాకా చెట్టు కింద కూర్చునేవాళ్లం. అర్జీలు రాయడం, పెద్దసార్లతో మాట్లాడటం నా వంతు. విసుగొచ్చి నేను లేవబోతే నా కొంగు పట్టుకుని కూర్చోబెట్టడం ఆమె వంతు. మా గూడెంలో గెలిచిందెవరో ఓడిందెవరో చూసేవాళ్లకు తెలిసేది కాదు. ఎట్టకేలకు వంతెన మంజూరైంది. వాగులో పిల్లర్లు లేచాయి. పైన స్లాబు పడటమే మిగిలింది.

ఆ ఏడు విత్తనాల పండుగ రోజున జోగవ్వ ఎప్పటిలాగే గంప ఎత్తుకుంది. డోలు ముందు, ఆమె వెనక, మేమందరం ఆమె వెనక. వాగులో మోకాటి లోతు నీళ్లు. కొత్త పిల్లర్ల పక్క నుంచే దాటింది. అవతలి గట్టు ఎక్కుతుంటే సగంలో ఆగింది. పై అడుగు పడలేదు. డోలు కూడా ఆగింది. ఎవరో చెయ్యి పట్టుకోబోతే తల అడ్డంగా ఊపింది. ఊపిరి పీల్చుకుని, గంపను రెండు చేతులతో నెమ్మదిగా నేల మీద పెట్టింది.

"అయిపాయె" అంది. అంతే.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. కాలు జారింది, అది దించినట్టు కాదు అని ఒకరు. జర నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకోమని ఒకరు. డోలు కొట్టే ముసలాయనయితే, "మేమెవలం సూడలే, ఎత్తుకో వదినా" అన్నాడు. అందరి కళ్లూ పిల్లర్ల మీదే ఉన్నాయి. గంప ఒక్కటే పోతే ఎవరికీ బాధ లేదు. ఆమె అన్న మాట అందరికీ గుర్తుంది.

అందరికంటే ముందు నేనే ఏడ్చాను. ఆమెను ఎవరు దించుతారని నలుగురిలో అడిగినదాన్ని, ఇప్పుడు ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, "అవ్వా, స్లాబు పడేదాంక ఆగు. నువ్వు దిగితే పని ఆగిపోతది" అన్నాను.

"నేనుంటేనే ఆగుతది పిల్లా. మొన్న సారు చెప్పింది ఇంటికి వచ్చేవరకు మరిసిపోయిన. నిన్ను అడిగి తెలుసుకున్న. నీకు గుర్తులేదా? నాకు గుర్తున్నది. నాకు వయసు ఇయ్యాల రాలే, ఓటేసిన్నాడే ఉండె. గిప్పుడు చాత అయితలేదు. గదొక్కటే సంగతి." తర్వాత గొంతు పెంచి అందరికీ వినపడేలా అంది: "గట్టు మీద మాటిచ్చిన, గా మాటకే ఓటేసిండ్రు. మాట తప్పి కట్టిన వంతెన మీదికెల్లి నేను నడవ."

అప్పుడు నా వైపు తిరిగి, "ఎత్తుకో" అంది.

"నేనా? నేను నీ మీద పోటీ చేసినదాన్ని అవ్వా."

"అందుకే. ఎవలు దించుతరని అడిగింది నువ్వొక్కదానివే. దించుడు గురించి అడిగినోళ్లకే మోసుడు అప్పజెప్పాలె."

గంప ఎత్తుకున్నాను. అంత బరువు ఉంటుందని అనుకోలేదు. మెడ నరాలు తెగుతాయేమో అనిపించింది. గట్టెక్కి, చెలక దాకా పోయి, ఆమె చూపించిన చోట దించాను. మొదటి గుప్పెడు విత్తనం ఆమే చల్లింది.

మర్నాడే రాజీనామా ఇచ్చేసింది. కుర్చీ వేయించిన ఆ అధికారి లేచి నిలబడి కాగితం తీసుకున్నాడు. మళ్లీ ఎన్నిక పెట్టారు. పాలపండ్ల ఎగతాళి మళ్లీ మొదలైంది. ఈసారి జోగవ్వ కర్ర పట్టుకుని ఇంటింటికీ వచ్చింది. "దీని వయసు నన్ను అడగకుండ్రి. గట్టు ఎక్కంగ సూసిండ్రా లేదా?" అని ఒకే మాట. గెలిచాను. ఆ చలికాలంలో స్లాబు వేయించాను. సిమెంటు గట్టిపడేదాకా నీళ్లు కొట్టడానికి గూడెం ఆడవాళ్లందరం బిందెలతో వంతులు వేసుకున్నాం.

దారి తెరిచిన రోజున జోగవ్వను మంచం మీద మోసుకొస్తామని కుర్రాళ్లు పోయారు. కర్ర చూపించి తరిమింది. తనే నడుచుకుంటూ వచ్చి, వంతెన మధ్యలో కూలబడి, ఆరిపోయిన చుట్ట మళ్లీ వెలిగించుకుంది. వెనక బళ్లు ఆగిపోయాయి. ఎవరూ హారన్ కొట్టలేదు. చుట్ట అయిపోయేదాకా కూర్చుని, లేచి, అవతలికి పోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు ఒక వానాకాలం ఆమె పోయింది. నాకు ఈనాటికీ ఆమె లేదంటే కోపమే వస్తుంది, దుఃఖం కంటే ముందు.

నా పదవీకాలం అయ్యాక పెళ్లి, ఆయన ఉద్యోగం, పిల్ల చదువు అంటూ ఖమ్మం వచ్చాను. గంపను మాత్రం వదల్లేదు. మోసేవాళ్లే దాన్ని అలకాలి, అది కూడా కట్టుబాటే. ఏటా పండుగకు గంప పట్టుకుని బస్సెక్కుతాను. కండక్టరు గంపకు కూడా టికెట్టు కొడతానని బెదిరిస్తాడు, కొట్టుకోమంటాను.

పోయినేడు గట్టు ఎక్కుతుంటే నాకు ఆయాసం వచ్చింది. చెలకలో గంప దించాక, మా గూడెం పిల్ల ఒకతి దగ్గరికి వచ్చి, "అత్తా, ఇంకెన్నేండ్లు మోస్తవ్? చాతగాకపోతే ఏం జేస్తవ్?" అని అడిగింది. వాళ్ల అమ్మ దాని వీపు మీద ఒక్కటి వేసింది. నాకూ ఒక్క క్షణం ఒళ్లు మండింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ మంట చల్లారాక ఆ పిల్ల మొహంలోకి చూశాను. అది తల వంచలేదు.

మా అమ్మాయికి ఇదంతా చెప్పి, పదవికి వయసు గీత గీయడం సులువే, గంప ఎత్తించి చూడటమే కష్టమని అన్నాను. "మరి మోసేటోళ్లే దించనంటే?" అంది అది. దాని దగ్గర ఎప్పుడూ ఇంకో ప్రశ్న ఉంటుంది. అప్పుడు అడిగే మనిషి కావాలి అన్నాను.

గంప ఎండింది. ఎల్లుండే పండుగ. ఇంకా మోయగలను, ఈ ఏడూ మోస్తాను. వీపు మీద దెబ్బ తిన్న ఆ పిల్లను ఈసారి నా వెనకే నడవమని కబురు పంపాను.