సంతకం పెట్టని ఎం.పి. గారు

కెనడాలోని గ్వెల్ఫ్‌లో మా వీధి చివరింటి అమరేశ్వరరావు గారిని చూస్తే ఎవరూ నమ్మరు. మోకాళ్ల దాకా వేలాడే స్వెటరు, చేతిలో కూరగాయల సంచీ. కానీ ఆయన లండన్ పార్లమెంటులో ఇరవై రెండేళ్లు కూర్చున్న మనిషి! బస్సు కండక్టరుగా మొదలుపెట్టి, యూనియన్లో నోరు పెంచి, కౌన్సిలరై, చివరికి ఎం.పి. అయ్యారు. అక్కడ ప్రతి సభ్యుడి కోటు కొక్కేనికీ కత్తి వేలాడదీసుకోమని ఒక రిబ్బను ఉంటుందట, రాజుల కాలం నాటి ఆచారం. ఈయన దానికి ఆవకాయన్నం క్యారేజీ తగిలించేవారు. ఆ ఘాటుకి పై సభలో కునుకు తీస్తున్న ప్రభువులందరూ ఒక్కసారిగా లేచి కూర్చున్నారంటే నేను నమ్ముతాను.

భార్య పోయాక కూతురు అనిత దగ్గరికి, ఇక్కడికి వచ్చేశారు.

అది 2023. ఊరంతా స్టూడెంట్లే. బస్సెక్కితే డ్రైవరు తప్ప అందరూ మనవాళ్లే. మా ఇంటి బేస్‌మెంట్‌లోనే ఎనిమిది మంది అద్దెకుండేవారు. వాళ్లలో ధరణి కోర్సు పూర్తి చేసింది. కానీ కాలేజీ ఇచ్చిన లెటర్లో ఒక టర్మ్ పార్ట్‌టైమ్ చదివినట్టు తప్పు పడింది. అది చూసి, ఫుల్‌టైమ్ చదివినవాళ్లకే ఇస్తామని వర్క్ పర్మిట్ రిఫ్యూజ్ చేశారు. తప్పు దిద్దించి మళ్లీ అప్లై చేయడానికి తొంభై రోజులు గడువు. అరవై రెండు అయిపోయాయి. ఆ గడువు దాటితే పెట్టె సర్దుకోవడమే. కాలేజీకి ఇరవై ఈమెయిళ్లు పెడితే ఇరవై టికెట్ నంబర్లు వచ్చాయి గానీ, మనిషి పలకలేదు. కౌంటరుకి వెళితే ఈమెయిల్ పెట్టమన్నారు.

నేనే చెయ్యి పట్టుకుని ఆయన దగ్గరికి లాక్కెళ్లాను.

“అంకుల్, కాలేజీకి ఒక్క లెటర్ రాసి కింద మాజీ ఎం.పి. అని సంతకం పెట్టండి, ప్లీజ్,” అంది ధరణి.

“పెట్టనమ్మా.”

నేను అందుకున్నాను. “అదేంటండీ! మీ సంతకం చూస్తే ప్రధానమంత్రి అయినా కుర్చీలోంచి లేవడూ!”

“కాంతం గారూ, మరీ కోతలు కొయ్యకండి. ఇంకో ఎం.పి. నియోజకవర్గం మనిషి గోడులో మేం వేలు పెట్టం. ఇరవై రెండేళ్లూ ఆ కట్టు దాటలేదు. ఇక్కడ నన్ను గెలిపించిందెవరు, మీరా?”

“నిలబడండి, పది ఓట్లు వేస్తా!”

“అందుకే నిలబడను,” అని ధరణి వైపు తిరిగారు. “ఉత్తరం నీది. ఎలా రాయాలో చెప్తా.”

ధరణి రాసుకొచ్చింది నాలుగు పేజీలు. నిండా కన్నీళ్లే. “ఇవన్నీ తీసెయ్. ఏం తప్పు జరిగింది, రుజువేంటి, ఏ తేదీ లోపల ఏం కావాలి. ఒక్క పేజీ. కాలేజీ రికార్డుల ఆఫీసుకి పెద్ద ఎవరు, పేరేంటి?”

“తెలీదంకుల్.”

“ఇరవై ఉత్తరాలు పేరు లేని మనిషికా?”

ఆ ఆఫీసు పెద్దావిడ పేరు వెతికించారు. ఉత్తరం టైప్ చేయించి పైనా కిందా చోటు వదిలించారు. “ఆ రెండు చోట్లా చేత్తో రాయాలి. పైన ఆవిడ పేరు, కింద ‘మీ విధేయురాలు’ లాంటి మర్యాద మాట, నీ పేరు. లండన్‌లో మంత్రులైనా ఇలాగే రాస్తారు.”

తన సిరా పెన్ను ఇచ్చారు. అలవాటు లేక ధరణి మూడు కాగితాలు పాడుచేసింది. నాలుగోదానికి టైమ్‌టేబుల్, మార్కుల షీటు జతచేసి పోస్టులో వేశాం.

ఆరో రోజు ఆ పెద్దావిడే ఫోన్ చేసింది. వేల ఈమెయిళ్ల మధ్య, తన పేరు చేత్తో రాసి బల్ల మీదికి వచ్చిన కాగితం అదొక్కటేనట. మర్నాటికల్లా దిద్దిన లెటర్ వచ్చింది. గడువులోపే మళ్లీ అప్లై చేస్తే, మార్చిలో పర్మిట్ చేతికొచ్చింది.

ధరణి ఆయన దగ్గరికి పరిగెత్తింది. “అంకుల్, అంతా మీ చేతి చలవే!”

“నా చెయ్యెక్కడుంది? పెన్నొక్కటే నాది. ఇలా తే.”

ఇచ్చింది. ఆయన మూత తీసి కాగితం మీద గీస్తే గీత పడలేదు.

“సిరా ఏమైందే?”

ధరణి తల వంచుకుంది. “బేస్‌మెంట్‌లో ఇంకా ఏడుగురున్నారు కదంకుల్.”

ఆయన లేచి లోపలికెళ్లి సిరా సీసా తెచ్చారు.