సంతోషమ్మ టీచరు పలక

సంతోషమ్మ టీచరుకు హుషారు పుట్టిందంటే పట్టపగ్గాలుండవు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన రోజున కూడా, సభలో దండ మెడలో పడగానే కిసుక్కున నవ్వారు. ఆ హుషారు వల్లే ఆమె ఉద్యోగం మొదలవకముందే పోయేది. అది పోబోయిన రోజు నేను ఆమె పక్కనే కూర్చున్నాను కాబట్టి నా మాట నమ్మాలి.

1944లో తిరుపతి మిడిల్ స్కూల్లో మాది ఆరో క్లాసు. ముందు బెంచీలన్నీ మగపిల్లలవి. ఆడపిల్లలం నలుగురం కడగొట్టు బెంచీ. టీచరు ట్రైనింగులో ఉన్న సంతోషమ్మ, పాఠం ఎలా చెబుతారో చూసి రాసుకోవడానికి వచ్చి మా పక్కన ఇరుక్కున్నారు. యుద్ధకాలం, కాగితానికి కరువు. అందుకని చూసిందంతా ముందు పలక మీద రాసుకుని, తర్వాత ఉన్న ఒక్క కాగితానికి ఎక్కించి, లెక్కల అయ్యవారు దేవరాజులు గారి సంతకం తీసుకోవాలి.

"సంతకం పెట్టకపోతే?" అని మెల్లగా అడిగాను.

"మా నాయన వడమాలపేటకు తోలుకొని పోయి కయ్యలో కలుపుకు దించుతాడు. పలక మీద ఉండేదంతా కాగితానికి ఎక్కదులే పాపా," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

అయ్యవారు లెక్క ఇచ్చారు. పన్నెండు మంది పద్దెనిమిది రోజుల్లో తవ్వే బావిని తొమ్మిది మంది ఎన్నాళ్ళకు తవ్వుతారు? మా క్లాసులో లెక్క అయినవాళ్ళు అయినట్టు పరుగెత్తి, పలకను బల్ల మీద బోర్లించాలి. చివర్లో దొంతరను తిరగేస్తే ముందు పెట్టినవాళ్ళది పైకొస్తుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊరి బడిలో ఈ పందెంలో సంతోషమ్మను ఓడించినవాళ్ళు లేరట. నేను ఇంకా హెచ్చవేస్తూనే ఉన్నాను. పక్కన ఏదో గాలి కదిలింది. చూస్తే ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని పరుగెత్తి, తన పలకను అందరికంటే ముందు బల్ల మీద బోర్లించి, వెలిగిపోతూ తిరిగొస్తున్నారు.

కూర్చున్నాక ఆమెకు గుర్తొచ్చింది. లెక్క ఒకవైపు, రాసుకున్నదంతా రెండోవైపు. ఈలోగా దాని మీద పలకలు పడుతూనే ఉన్నాయి. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకున్నారు.

అయ్యవారు దొంతర తిరగేశారు. పై పలకకు రైటు కొట్టి, పేరు కోసం వెనక్కి తిప్పారు. అలాగే నిలబడి చదివారు.

"గంగులమ్మ ఎవురు?" అన్నారు.

నేనే. లేచాను.

"తొమ్మిది మందికి ఎన్నాళ్ళు?"

"ఇరవై నాలుగు దినాలు, అయివోరా."

ఆయన తల ఊపి సంతోషమ్మ వైపు తిరిగారు. "కాగితం తీయండమ్మా. ఈడ ఉండేది ఉండేటట్టు ఎక్కించండి."

ఆమె రాసి తీసుకెళ్ళారు. ఆయన పైకే చదివారు. "వెనక బెంచీలో గంగులమ్మ మూడుసార్లు చెయ్యెత్తింది. అయ్యవారు చూడలేదు." కలం మూత తీశారు.

"మూడు కాదు, నాలుగు. ఒకసారి సూసి కూడా పిలవలా నేను," అన్నారు. మూడు కొట్టేసి నాలుగు వేసి, కింద సంతకం పెట్టారు.