రంగులు పోయిన జాబితా

టీచరమ్మ పోయారని నాకు శుక్రవారం సంతలో తెలిసింది. మిషన్ ఆసుపత్రిలో పనిచేసే ఆయా అల్లం ఏరుకుంటూ నన్ను చూసి, "నీకు కబురు అందలేదా బాబూ? తెల్లారగట్ల పోయారు. నిద్రలోనే," అంది. చేతిలో ఉన్న తూకం చీటీ జేబులో పెట్టుకుని సంఘం ఆఫీసుకు వచ్చాను. రోజూ రాసే పుస్తకం తీసి, ఆ రోజు పేజీలో ఆమె పోయిన సంగతి ఒక్క వాక్యంలో రాశాను. దాని కింద ఇంకేదో రాయాలని చాలాసేపు కూర్చున్నాను. ఆ రోజు రాయలేనిది ఇప్పుడు రాస్తున్నాను.

ఆమె విజయనగరం వైపు మనిషి. మిషన్ స్కూల్లో టైపు నేర్పడానికి అరకు వచ్చి ఇక్కడే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. రిటైరయ్యాక, కొండ ఊళ్ల కాఫీ రైతులు కలిసి పెట్టుకున్న మా సంఘంలో కంప్యూటర్ పని చూశారు. నేను అక్కడ గుమస్తాను. ఏడో తరగతితో చదువు ఆపినవాణ్ణి. ఎవరింటి కాఫీ ఎంత వచ్చిందో, ఏ బస్తా ఎవరిదో రాయడం నా పని. కంప్యూటర్ వచ్చినప్పుడు నాకు అందులో చోటుండదనుకున్నాను. అట్టముక్క మీద కీబోర్డు బొమ్మ గీసుకుని ఇంట్లో వేళ్లు ఆడించేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు ఎలా తెలిసిందో తెలియదు. ఒకరోజు తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి, "నేర్పడానికేటుంది, కూకుని సూడు," అన్నారు. మూడు నెలలు చూశాను. నాలుగో నెలలో ఆమె కుర్చీ నాకిచ్చి, పక్క కుర్చీలోకి మారారు.

మా ఆఫీసులో విండోస్ కంప్యూటర్. కిలోమీటరు దూరంలో మిషన్ స్కూల్లో, విదేశీ చర్చి వాళ్లు పంపిన మాక్ ఒకటి ఉండేది. మా కాఫీ తోటల్లో రసాయన మందులు వాడడం లేదని చూసి ధ్రువపత్రం ఇచ్చే తనిఖీ ఆఫీసు విశాఖలో ఉంది. వాళ్లది లినక్స్. మేము అందంగా గీతలు కొట్టి, తెలుగు అక్షరాల్లో తయారుచేసిన పట్టిక మాక్ మీద తెరిస్తే పిచ్చి గీతలు వచ్చేవి. విశాఖలో తెరిస్తే ఇంకో రకం పిచ్చి గీతలు. నాకు కంగారు పుట్టేది. ఆమెకు పుట్టేది కాదు.

"సంతలో సూడు బాబూ," అనేవారు. "పై కొండోళ్లది కువి బాస. ఆ పక్కోళ్లది ఒడియా. మనది తెలుగు. బేరం ఆగిపోతందా? అందరికీ తెలిసిన నాలుగు మాటలుంటాయి, వాటితో అయిపోతాది. కంప్యూటర్లకీ అలాటి మాటొకటుంది."

ఆ మాట, అన్ని కంప్యూటర్లూ చదవగలిగే మామూలు అక్షరాల ఫైలు. పేరుకీ పేరుకీ మధ్య ఒక కామా, అంతే. తెలుగు పేర్లే అయినా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లం. "అచ్చరం నిలుస్తాది, అంకె నిలుస్తాది. సోకులు నిలవవు," అనేవారు ఆమె.

ఏ ఈమెయిలూ తిన్నగా పంపేవారు కాదు. ముందు తన అడ్రసుకే పంపుకుని, గొడుగు వేసుకుని స్కూలుకి నడిచి, అక్కడి మాక్ మీద తెరిచి చూసి వచ్చాకే అసలు చోటికి పంపేవారు. వానకి ఫోన్ లైను పోతే ఫ్లాపీలో ఎక్కించుకుని వెళ్లేవారు. మంచు నెలల్లో ఫ్లాపీలు బూజు పడతాయని బియ్యం డబ్బాలో దాచేవారు. ఉత్తరం అడుగున, జతచేసిన పట్టికలో ఎన్ని వరుసలున్నాయో రాసేవారు. ఎందుకండీ ఇంత తిరుగుడు అని ఒకసారి అడిగాను. "అవతలోడి తెర మీద ఏటి కనపడతందో మనకి తెలీదు కదా. తెలీనప్పుడు నడవాల," అన్నారు.

ఇక నా తప్పు సంగతి.

మా కొండల్లో బిడ్డ పుట్టిన వారం పేరే బిడ్డకు పెట్టడం వాడుక. సోమవారం పుడితే సోమ్రా, శుక్రవారం పుడితే సుక్రు. ఇంటిపేర్లూ తక్కువే. ఒక్క ఊళ్లో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్నవాళ్లు నలుగురు ఉంటారు. వాళ్లలో వాళ్లకి తికమక లేదు. వాగు అవతల సుక్రు అంటారు, బండ కింద సుక్రు అంటారు. కొనుగోలు షెడ్డులో బస్తాలు కలిసిపోకుండా నేను ఒక్కో పేటకి ఒక్కో రంగు దారం కట్టించేవాణ్ణి. పుస్తకంలో ఆ పేట వాళ్ల పేర్ల కింద అదే రంగు పెన్సిల్‌తో గీసేవాణ్ణి. కంప్యూటర్‌లో విశాఖ తనిఖీ ఆఫీసుకి ఏటా పంపే రైతుల జాబితా చేసేటప్పుడూ అలాగే చేశాను. వాగు అవతల వాళ్ల గళ్లకి నీలం, బండ కింద వాళ్లకి ఎరుపు. పేట పేరు ప్రత్యేకంగా రాయలేదు. రంగు ఉంది కదా అనుకున్నాను.

ఆ ఏడు జాబితా పంపాల్సిన వారం, అక్కగారికి ఒంట్లో బాగోలేదని టీచరమ్మ విజయనగరం వెళ్లారు. వచ్చాక పంపుదాం అన్నారు. నేను ఆగలేదు. నేనూ చేయగలనని చూపించాలనుకున్నాను. మామూలు అక్షరాల ఫైలుగా మార్చి విశాఖకి పంపేశాను. స్కూలుకి నడవలేదు, వరుసల లెక్క రాయలేదు.

రంగులన్నీ పోయాయి. విశాఖలో తెరిచినవాళ్లకి ఒకే పేరు నాలుగుసార్లు కనిపించింది. పొరపాటున పడ్డాయనుకుని ఒకటి ఉంచి మూడు తీసేశారు. అలా ఊరూరా తీసేశారు.

అది మాకు కొనుగోలు రోజున తెలిసింది. బండ కింద సుక్రు బస్తాలు దింపాడు. కొనుగోలుదారు తరఫున వచ్చిన కుర్రాడు విశాఖ నుంచి వచ్చిన కాగితం చూసి, ఆ పేరు మీద సరుకు వచ్చేసిందన్నాడు.

"ఆడు వాగు అవతల సుక్రు. నేను బండ కింద సుక్రుని," అన్నాడు సుక్రు.

"కాగితంలో వాగూ లేదు, బండా లేదు. సుక్రు ఒక్కడే ఉన్నాడు."

వెనక వరుసలో ఎవరో, "అయితే మిగతా ముగ్గురం దెయ్యాలమేటి?" అన్నారు. కొందరు నవ్వారు. సుక్రు నవ్వలేదు. మూడేళ్లుగా తోటలో మందు వెయ్యలేదు అతను. పురుగు పట్టిన మొక్కలని చేత్తో పీకి కాల్చాడు. జాబితాలో పేరు లేకపోతే ఆ మూడేళ్లూ లేనట్టే. మళ్లీ మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టాలి. అతని బస్తాలు ఆ రోజు మామూలు సరుకులో కలిసిపోయాయి. సవరణలకి ఇంకా అయిదు రోజుల గడువుంది.

మర్నాడు టీచరమ్మ వచ్చారు. నేను పంపిన ఉత్తరం స్కూల్లో మాక్ మీద తెరిచి చూసుకుని, ఆఫీసుకి వచ్చి నా అసలు పట్టిక తెరిచారు. "ఈ రంగులేటి బాబూ?" అన్నారు. చెప్పాను. "సోకనుకున్నాను. ఇన్నాళ్లు సూసి కూడా అడగలేదు నేను," అన్నారు.

సాయంత్రం షెడ్డులో రైతులందరూ కూర్చున్నారు. ఎవరు పంపారు అని అడిగారు. నేను లేవబోయాను. నిజం చెప్పాలంటే, లేవాలనుకుంటున్నాను, ఇంకా లేవలేదు. ఈలోగా ఆమె లేచారు.

"కంప్యూటర్ పని నాది. సరిసూసుకోవలసింది నేను. తప్పు నాది."

సుక్రు అన్నాడు, "మా మూడేళ్లు నీ కంప్యూటర్లో పోయాయి టీచరమ్మా."

ఆమె తల ఊపారు. ఆమె ఊళ్లో లేరని అక్కడ ఎవరికీ గుర్తు రాలేదు. నేను గుర్తు చేయలేదు. నా పెన్ను మూత వైపు చూస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చాక ఆమె వెనకే నడిచి, ఎందుకండీ అలా అన్నారు అని అడిగాను. "నిన్ను తీసేత్తే ఏ సుక్రు ఎవరో ఈ ఆఫీసులో ఎవులికి తెలుసు?" అన్నారు. ఆ తర్వాత, "బేగి పద. ఊళ్లు తిరగాల," అన్నారు.

ఊళ్లు పంచుకున్నాం. ఒకే పేరున్న ప్రతి మనిషినీ కలిసి, ఊరు అతన్ని ఏమని పిలుస్తుందో అడిగి రాసుకోవాలి. సుక్రు వాళ్ల ఊరిదాకా జీపు వెళ్లదు, చివర అంతా నిలువు ఎక్కుడు. నేను వెళ్తానన్నాను. "అక్కడ కోపం నా మీదుంది. నేనే ఎల్లాల," అని ఒక్కరే వెళ్లారు. అప్పటికి అరవై దాటాయి ఆమెకి. మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చి, "బండ కింద సుక్రు. రాసుకో," అన్నారు. ఎలా మాట్లాడారు అని అడిగితే, "ఎండ బాగా ఉంది," అన్నారు.

జాబితాలో 'గుర్తు' అని కొత్త నిలువు వరుస పెట్టాం. వాగు అవతల, బండ కింద, కుంటి ఎద్దు వాళ్లు, పెద్ద పనస దగ్గర. అన్నీ మాటల్లో. ఆమె ఎప్పటిలా తనకి పంపుకుని, నడిచి, చూసి, విశాఖకి పంపి, అంతటితో ఆగక ఫోన్ చేశారు. అక్కడి అబ్బాయిని తెర మీద ఉన్నది మొదటి నుంచి పైకి చదవమన్నారు.

"మేడం, నాకు కళ్లున్నాయండీ. అన్నీ వచ్చాయి."

"నీ కళ్ల మీద అనుమానం లేదు నాయినా. నీ తెర నాకు కనపడదు. సదువు."

అతను విసుక్కుంటూ మొదలుపెట్టాడు. సగం అయ్యేసరికి విసుగు పోయి, "కుంటి ఎద్దు వాళ్లా?" అని నవ్వాడు. ఆమె నా పుస్తకంలో ఒక్కో పేరు పక్కన చుక్క పెట్టుకుంటూ పోయారు. చివరి చుక్క పెట్టాక రిసీవర్ పెట్టేసి, టేబుల్ మీద తల వాల్చారు. అందరి పేర్లూ తిరిగి ఎక్కాయి. సుక్రు మూడేళ్లు నిలిచాయి.

ఆ తర్వాత ఆమె ఇంకో ఆరేళ్లు పనిచేశారు. కంప్యూటర్లు మారాయి, తెలుగు ఏ తెర మీదైనా తెలుగులాగే కనిపించే రోజులు వచ్చాయి. ఆ జాబితా సంగతి మాత్రం ఆమె ఒక్కసారి కూడా ఎత్తలేదు. చూపు మందగించి పని మానేశాక, ఆదివారాలు వెళ్లి ఉత్తరాలు చదివి పెట్టేవాణ్ణి. అక్కడైనా నేను ఎత్తి ఉండొచ్చు. ఎత్తలేదు.

శనివారం చర్చి వెనక సమాధుల తోటలో పూడ్చారు. కొండ ఊళ్ల నుంచి చాలామంది వచ్చారు. బండ కింద సుక్రు కూడా వచ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు దారిలో అతనూ నేనూ కలిసి నడిచాం. జీపు స్టాండు కనిపించేలోపు చెప్పేయాలనుకున్నాను, చెప్పాను. ఆ జాబితా పంపింది నేను, ఆమె ఆ వారం ఊళ్లోనే లేరు అని.

అతను నడుస్తూనే విన్నాడు. కొంచెం దూరం పోయాక ఆగాడు.

"ఇప్పుడెందుకు సెప్తన్నావు?"

"ఆమె మీద ఉండిపోతుందని."

సుక్రు తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. నా వైపు చూడలేదు.

"ఆ రోజు కొండెక్కి మా ఇంటికొచ్చింది ఆయమ్మ. అరుగు మీద కూకుని మంచినీళ్లు అడిగింది. లేవన్నాను," అన్నాడు. "కుండ నిండా ఉన్నాయి."

కింద జీపువాడు పై ఊళ్లవాళ్ల కోసం హారన్ కొడుతున్నాడు. సుక్రు అటు వెళ్లలేదు. దారి పక్క గడ్డిలో, మేము వచ్చిన వైపు తిరిగి కూర్చున్నాడు. జీపు నిండి వెళ్లిపోయింది. అతను కూర్చునే ఉన్నాడు. నేను కొంచెం దూరంలో నిలబడే ఉన్నాను.