సరంగునడిగి బయలుదేరే పైలట్ గారు

ఇది రాయకూడదనే అనుకున్నాను. ఒకటి బద్ధకం. రెండోది, పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు అందరూ ఒకే రకం మనుషులైపోతారు. బతికుండగా ఒక్కరూ అలా ఉండరు. పైగా మా పైలట్ గారిని ఎదురుగా పొగిడితే చెవులు ఎర్రబడి, అర్జెంటు పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్లిపోయేవారు.

కానీ మొన్న పొద్దున్నే మా లాంచీ పాత సరంగు సిటీ బస్సెక్కి కూర్మన్నపాలెం వచ్చాడు. నేనిప్పుడు స్టీల్ ప్లాంటులో పనిచేసే మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి ఇళ్లన్నీ ఒకేలా ఉంటాయి కనుక ముందు పక్కవాళ్ల తలుపు కొట్టి, వాళ్లతో కాసేపు దెబ్బలాడి, తర్వాత మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "బావా, పైలట్ గారు ఎల్లిపోనారు. నిద్దట్లోనే" అన్నాడు.

కూర్చున్నాడు. మంచినీళ్లు తాగాడు. "నువ్వు రాత్తావు కదా, రాయి. నాకు రాయడం రాదు గానీ తప్పులుంటే సెప్తాను" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

పైలట్ అనగానే విమానం అనుకోకండి. ఎలమంచిలిలో మా అత్తగారు చివరిదాకా అలాగే అనుకుంది. అల్లుడు విమానాలు నడిపే దొరగారి దగ్గర పని చేస్తున్నాడని వీధంతా చెప్పింది. నేనూ పెద్దగా అడ్డు చెప్పలేదు. ఆ మర్యాద మీద వెళ్లినప్పుడల్లా కోడికూర దొరికేది. మా పైలట్ గారు ఓడల పైలట్. దేశదేశాలు తిరిగొచ్చిన ఓడ కూడా విశాఖపట్నం వచ్చేసరికి బయటే లంగరేసి నిలబడాలి. ఇక్కడి నీళ్ల సంగతి తెలిసిన పైలట్ చిన్న లాంచీలో ఎదురెళ్లి, ఓడ పక్కన వేలాడే తాళ్ల నిచ్చెన ఎక్కి, డాల్ఫిన్ నోస్ కొండ పక్కనుంచి ఇరుకు దారిలో దాన్ని లోపలికి తీసుకురావాలి. ఆ లాంచీకి సరంగు పెద్ద. చుక్కాని అతనిది. నేను ఇంజిన్ డ్రైవర్ని, అంటే సముద్రం కనబడని చోట కూర్చుని సముద్రం మీద పని చేసేవాణ్ణి.

ఆయన జేబులో ఎప్పుడూ వేరుశెనక్కాయల పొట్లం ఉండేది. నిచ్చెన ఎక్కేముందు గింజలు నోట్లో పోసుకుని, పొట్లం కాగితం సాపు చేసి నాకిచ్చేవారు. "ఇదిగో డ్రైవర్, నీ లైబ్రరీ." బడి నన్ను తొందరగా వదిలించుకుంది, నేను చదువుకున్నదంతా ఆ కాగితాల్లోనే. కథ సగంలో చిరిగిపోయేది, మిగతాది నేనే కల్పించుకునేవాణ్ణి. ఆ అలవాటు ఇంకా పోలేదు గానీ ఇందులో కల్పించడం లేదు, సరంగు పక్కనే ఉన్నాడు.

ఇంకో అలవాటు. నిచ్చెన మొదటి మెట్టు మీద ఒక చర్చి కీర్తన పల్లవి ఎత్తుకునేవారు. పైకి వెళ్లేసరికి ఆపేసేవారు. చరణం వినే అదృష్టం మాకెప్పుడూ కలగలేదు.

అన్నిటికంటే పెద్ద అలవాటు, బయలుదేరేముందు అడగడం. జెట్టీ మీద నిలబడి, "ఏం సరంగూ, వెళ్దామా?" అనేవారు. "ఎల్దాం బాబూ" అంటే దిగేవారు. "వొద్దు బాబూ" అంటే ఎందుకని అడగకుండా వెనక్కి తిరిగి, ఈ పూట సముద్రం బాగోలేదని ఆఫీసుకు తన మాటగా చెప్పేవారు. మిగతా పైలట్లకూ ఆయనను చూసి అదే అలవాటైంది.

సరంగు దేవుడేం కాదు. ఒకసారి మోకాలు సలుపుతోంది, పెద్ద అల వస్తుందన్నాడు. ఆ రోజంతా సముద్రం పళ్లెంలో నీళ్లలా కదల్లేదు. ఓడ బయటే ఉండిపోయింది. ఇంకోసారి మేనకోడలి పెళ్లి భోజనం మర్నాడు వద్దన్నాడు. ఆ రోజూ అంతే. ఆఫీసులో నిలదీస్తే పైలట్ గారు "నా అంచనా తప్పింది" అన్నారు. మోకాలు సంగతి గానీ, పులిహోర సంగతి గానీ ఎత్తలేదు.

అవి డెబ్బైలు. పెద్ద పెద్ద ఓడలు రావడం మొదలైంది. ఓడ ఊరికే నిలబడితే ఎంత నష్టమో ఆఫీసువాళ్లకు తెలుసు, వాళ్లది తప్పనను. పైలట్లతో ఒక ఒప్పందానికి వచ్చారు. జీతం పెరుగుతుంది, కొండ మీద సముద్రం కనబడే బంగళాలిస్తారు. బదులుగా ఒక్క షరతు: ఈ పూట వద్దు అనే మాట ఇక పైలట్ది కాదు, ఆఫీసుది. పైలట్లందరూ సంతకం పెడితేనే అది చెల్లుతుంది.

ఓడకేం, ఇనప గోడ. అల లేచినప్పుడు ఆ గోడకూ లాంచీకీ మధ్య నలిగేది నిచ్చెన మీది పైలట్, కింద మేము. మమ్మల్ని ఎవరూ సంతకం అడగలేదు.

పైలట్ల గది కిటికీ మా జెట్టీ వైపే. ఆ సాయంత్రం మాటలన్నీ వినిపించాయి. అందరికంటే చిన్న పైలట్ అన్నాడు, "సార్, తప్పుగా అనుకోకండి. మీ సరంగు తప్పులు చెప్పబట్టే ఈ షరతు వచ్చింది."

"నిజమే. చెప్పాడు. ఇంకా చెబుతాడు" అన్నారు మా పైలట్ గారు. "తప్పు చెప్పినా ఏమీ కాదనే ధైర్యం ఉంటేనే, ముప్పున్న రోజు నోరు విప్పుతాడు."

"ఒక్క మాట కోసం బంగళా వదులుకుంటామా సార్? ఇంట్లో ఏం చెప్పాలి?"

ఆ మాట పైలట్ గారికి తగిలింది. ఎందుకో మాకు తెలుసు. ఆయన భార్య, మా అమ్మగారు, అప్పటికే ఆ బంగళా చూసొచ్చి, కిటికీలు కొలిచి, నీలం పువ్వుల కర్టెన్ గుడ్డ కూడా కొనేశారు. పెళ్లైన దగ్గర్నుంచీ ఆవిడ కాపురమంతా గాలి రాని అద్దె ఇళ్లలోనే.

"రేపటి ఓడ నీదే కదా" అన్నారు చివరికి. "రోజూలాగే సరంగునడిగి వెళ్లు. తిరిగొచ్చాక నువ్వు సంతకం పెడితే నీ కిందే నేనూ పెడతాను."

మా సరంగు తాడు చుట్టడం ఆపి, "అయిపోనాది బావా" అన్నాడు నాతో. "ఏటయిపోయింది?" అంటే మళ్లీ తాడు చుట్టడం మొదలెట్టాడు.

పొద్దున్నే మబ్బు పట్టి ఉంది. అల కొంచెం పెద్దదే. వెళ్లవచ్చా, వెళ్లకూడదా చెప్పలేని రకం. చిన్న పైలట్ జెట్టీ మీదికి వచ్చి, "ఏం సరంగూ, వెళ్దామా?" అన్నాడు.

సరంగు తల వంచుకుని, "తమ ఇష్టం బాబూ" అన్నాడు.

ఆ మాట అతని నోట నేనెప్పుడూ వినలేదు. చిన్న పైలట్ నవ్వబోయి ఆగిపోయాడు. "అదేంటి, సరిగ్గా చెప్పు" అన్నాడు.

"తమ ఇష్టం."

చిన్న పైలట్ సముద్రం వైపు చూశాడు. మా వైపు చూశాడు. మళ్లీ సముద్రం వైపు. వాచీ చూసుకున్నాడు, అది సాయం చేసేది కాదు. చాలాసేపు నిలబడ్డాడు. అడిగితే చెప్పేవాడు లేనప్పుడు సముద్రం ఎంత పెద్దదో అతనికి అప్పుడే తెలిసినట్టుంది. తర్వాత లాంచీ కట్టెయ్యమని చెప్పి గదిలోకి వెళ్లి, ఆ షరతు మీద తన పెన్నుతోనే అడ్డంగా గీత గీశాడు. మిగతావాళ్లూ ఒప్పుకున్నారు. పైలట్ గారు అతని చేతిలో గుప్పెడు వేరుశెనక్కాయలు పోశారు.

ఇదంతా పైలట్ గారే సరంగుకు నేర్పారని తర్వాత కొందరన్నారు. సరంగుకు ఏదైనా నేర్పడం ఎవరివల్లా కాదని వాళ్లకు తెలియదు. పైలట్ గారు కూడా ఆశ్చర్యపోయి, జెట్టీకి వచ్చి అడిగారు. "ఏమయ్యా, అలా అన్నావేం?"

"రేపో మాపో ఆఫీసే సెప్తాది కదా బాబూ. నాను సెప్పీసినా ఇనీవోలెవులు? ఊరికే తిట్లు తినడం దేనికి?"

పైలట్ గారు లాంచీ అంచు మీద కూర్చుని అతని భుజం మీద చెయ్యి వేశారు. "నేను వింటాను. నువ్వు చెప్పు. తిట్లు నా వంతు."

ఆఫీసు ఆ ఒప్పందాన్ని వెనక్కి తీసుకుంది. ఎప్పటికో జీతాలు కొంచెం పెరిగాయి, బంగళాలు మాత్రం రాలేదు. అమ్మగారు ఆయనతో కొన్నాళ్లు మాట్లాడలేదని విన్నాను. ఆ తర్వాత ఒకరోజు కర్టెన్ గుడ్డ మా లాంచీకి పంపించారు. "సముద్రం కనబడే కిటికీలు మీకే ఉన్నాయి, మీరే కట్టుకోండి" అన్నారట. విశాఖపట్నంలో నీలం పువ్వుల కర్టెన్లతో తిరిగిన పనిలాంచీ మాదొక్కటే. ఎగతాళి చేయనివాడు లేడు. గుడ్డ వెలిసేదాకా తియ్యలేదు.

ఎనభైల మొదట్లో ఆయన రిటైరయ్యారు. ఆఖరి ఓడ రోజున కూడా సరంగునడిగే వెళ్లారు.

కబురు తెలిసిన రోజు నేనూ సరంగూ కలిసే ఆ అద్దె ఇంటికి వెళ్లాం. అమ్మగారు మమ్మల్ని చూసి, "మీ సార్‌కి తొందరెక్కువైంది, ఈసారి ఎవర్నీ అడగలేదు" అన్నారు. సరంగు గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మధ్యాహ్నం పాస్టర్ గారి ప్రార్థన అయ్యింది. పెట్టెను బండిలోకి ఎక్కించారు. బండి ఇంజిన్ స్టార్ట్ చేశారు. పైలట్ గారి పెద్దబ్బాయి వరండా మెట్ల మీద కూర్చున్న సరంగు దగ్గరికి వచ్చి, వంగి, "సరంగు మావా, వెళ్దామా?" అన్నాడు.

సరంగు లేచి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు మబ్బు చూశాడు. "వోనొచ్చీలాగుంది బాబూ. కాసేపాగుదాం" అన్నాడు.

బండి ఇంజిన్ ఆపేశారు. పాస్టర్ గారు కుర్చీలో కూర్చున్నారు. అందరం ఆగాం. వాన రాలేదు. తర్వాత బయలుదేరాం.