చింతపండు మీద పెద్దసారు

కోంట దగ్గర ఎర్రబోరులో మేం ఆడవాళ్లం కలిసి చింతపండు సంఘం పెట్టిన మొదటి వేసవి అది. ఎవరిని సాయం అడిగినా 'సాయం కాదు, భాగస్వామ్యం' అనేవారు. మేం అడిగింది ఆరుబయట ఆరబోసిన పండు మీద కప్పడానికి టార్పాలిన్ పట్టాలు. రాయపూర్ కంపెనీవాళ్లు గింజలు తీసే మిషన్ ఇచ్చారు, శిక్షణ ఇచ్చారు. పట్టాల మాటెత్తితే మాత్రం "చూద్దాం" అనేవారు.

మిషన్ ప్రారంభానికి వాళ్ల పెద్దసారు వస్తున్నారని, ఆయన ఫొటోతో వాళ్లే పంపిన ఫ్లెక్సీని గేటుకు కట్టాం. ఆయన బండి రోడ్డు దిగుతుండగానే వాన అందుకుంది.

"ఏంది అక్కా అట్ల చూస్తున్నవ్, పండంతా పోతది!" అంటూ మా సంఘంలోని ముత్తమ్మ ఫ్లెక్సీ తాళ్లు కోసేసింది. అందరం తలో కొసా పట్టుకుని పండు మీద పరిచి, ఎగిరిపోకుండా రాళ్లు పెట్టాం. ఒక రాయి సరిగ్గా సారు ముక్కు మీదే పడింది.

తలెత్తితే ఆయన గొడుగు కింద నిలబడి ఉన్నారు.

"యే క్యా హై, మేడమ్?"

ఇదేమిటని అడుగుతున్నారని ముత్తమ్మకు చెప్పాను.

"పండును మీరే కాపాడిన్రు సార్," అంది ముత్తమ్మ. అదే నేను హిందీలో చెప్పాను. ఆయన నవ్వలేదు.

కొన్నాళ్లకు కంపెనీ నుంచి పెద్ద మూట వచ్చింది. పట్టాలే అనుకుని ఆశగా విప్పాం. కొత్త ఫ్లెక్సీ. సారు ఫొటో ఇంకా పెద్దది.

ఇన్నాళ్లు తిరిగి, ఇన్నిసార్లు అడిగి, చివరికి ఇదా అని నేను నీరసంగా కూర్చుండిపోయాను. ముత్తమ్మ మాత్రం దాన్ని నేల మీద పరిచి, ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూసింది.

"ఇది నిండా కప్పుతది అక్కా."

– సుజాత, కోంట